ఎల్లోస్టోన్ నియమాలు తెలుగులోనూ రావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

వేసవిలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల్లో చాలామంది ఎల్లోస్టోన్ జాతీయ పార్కు చూసి వస్తున్నారు. అక్కడి వేడినీటి బుగ్గల గురించి మన పత్రికల్లో చదువుతుంటాం గానీ, రోడ్డు దిగి అడవిలోకి వెళ్లేవారు పాటించవలసిన నియమాలు తెలుగులో నాకెక్కడా కనబడలేదు. కిందటి జులైలో మా అబ్బాయి కుటుంబంతో కలిసి ఆ పార్కులోని స్లౌ క్రీక్ లోయలో మూడు రోజులు గుర్రాల మీద తిరిగి, రెండు రాత్రులు గుడారాల్లో గడిపి వచ్చాక ఈ లేఖ రాయాలనిపించింది.

మొదటి రోజు సాయంత్రం గుడారాలు వేయకముందే గైడు మా సంచులన్నీ విప్పించి, వాసన వచ్చే ప్రతి వస్తువునూ వేరు చేయించాడు. ఆవకాయ సీసా, పులిహోర, జంతికలు సరే. టూత్‌పేస్టు, సబ్బు, మా ఆవిడ కొబ్బరినూనె, చివరికి వంట చేసినప్పుడు వేసుకున్న బట్టలు కూడా గుడారంలో ఉండకూడదన్నాడు. ఎలుగుబంట్లకు అందకుండా అన్నిటినీ మూటగట్టి నేలకు పది అడుగుల ఎత్తున, చెట్టు మానుకు నాలుగు అడుగుల ఎడంగా తాడుతో వేలాడదీశాం. ఒకప్పుడు సందర్శకులు కార్లలోంచే ఎలుగుబంట్లకు తిండి అందించేవారు. చెత్తకుప్పల దగ్గర అవి గుంపులుగా మేసేవి. 1970 నాటికి ఆ కుప్పలను మూసివేయగానే, మనిషి తిండి మరిగిన గ్రిజ్లీ జాతి ఎలుగుబంట్లు విడిది స్థలాల మీదికి వచ్చి, ఆ కారణంగానే ఎన్నో ప్రాణాలు పోగొట్టుకున్నాయి. తప్పు వాటిది కాదు.

గుర్రాల విషయంలోనూ అంతే జాగ్రత్త. నేల తడిగా ఉండి, గడ్డి ఇంకా ఎదగని కాలమని జులై 1కి ముందు వాటితో అడవిలో రాత్రి బసకు అనుమతి ఉండదు. రెండో రోజు ఉదయం నా గుర్రం ఉన్నట్టుండి ఆగి చెవులు నిక్కించింది. మాకేమీ కనబడలేదు. కాసేపటికి పొదల వెనక నుంచి, ఒళ్లంతా దుమ్ముతో, మూపురం మీద పాత బొచ్చు పాయలుగా వేలాడుతున్న బైసన్ (అమెరికా అడవిదున్న) ఒకటి లేచి దారికి అడ్డంగా నిలబడింది. అది తనంతట తాను కదిలేదాకా ముప్పావు గంట అక్కడే ఉండిపోయాం.

తిరుగు ప్రయాణంలో, లామార్ లోయ రోడ్డు పక్కన, తెలుగులో మాట్లాడుకుంటున్న ఒక కుటుంబం అలాంటి బైసన్‌కే పది గజాల దూరంలో పసిపిల్లను నిలబెట్టి ఫొటో తీస్తోంది. నా గుండె జారిపోయింది. ఎలుగుబంట్లకు, తోడేళ్లకు, కూగర్ అనే పెద్ద అడవి పిల్లులకు వంద గజాలు, బైసన్‌తో సహా మిగతా జంతువులకు పాతిక గజాలు దూరంగా ఉండాలన్నది అక్కడి నిబంధన. ఆ పార్కులో మనుషులను అన్నిటికన్నా ఎక్కువగా గాయపరిచిన జంతువు బైసనే. శ్రీశైలం ఘాట్ రోడ్డులో కారు ఆపి కోతులకు అరటిపళ్లు అందించే అలవాటుతోనే మనవాళ్లు అక్కడికీ వెళుతున్నారని నా బాధ.

దయచేసి ఏటా మే నెలలో, ప్రయాణాలు మొదలయ్యే వేళకు, ఈ నియమాలను మీ పత్రికలో ప్రచురించండి. అక్కడి తెలుగు సంఘాలు కూడా వేసవి యాత్రలకు ముందు వీటిని తమ సభ్యులకు పంపాలని మనవి.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి