సైలెన్సర్ మోగితే బండి పరిగెత్తదు

సంపాదకుల వారికి నమస్కారం.

మార్చిన సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కిస్తున్న ఫొటో ఈ మధ్య మీ పత్రికలో చూశాను. వార్తంతా మోత గురించే, జరిమానా గురించే ఉంది. అర్ధరాత్రి ఊరంతా లేచేలా తిరిగేవాడి మీద కేసు పెట్టాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే 10 వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉన్నాయి కూడా. కానీ ఆ కుర్రాళ్లలో చాలామంది అలాంటి పైపు పెడితే బండి స్పీడు పెరుగుతుందని నిజంగా నమ్ముతారు. ఇక్కడ అమెరికాలో క్వాడ్ బైకుల మీద డ్రాగ్ రేసులాడే మన పిల్లలు కూడా అదే నమ్మకంతో డబ్బులూ ఇంజిన్లూ పోగొట్టుకుంటుంటే చూడలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది విజయవాడ. నాన్నకు ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది, స్కూలు వదలగానే నేనూ అక్కడే. ఇప్పుడుండేది శాన్ డియాగోలో. చలికాలం మొదలైతే చాలు, వారాంతాల్లో బండి ట్రైలర్ మీద ఎక్కించుకుని గ్లామిస్ ఇసుక దిబ్బలకు పోతాను. క్వాడ్ అంటే హ్యాండిల్ ఉండే నాలుగు చక్రాల బండి. ఇసుక మీద డ్రాగ్ అంటే రెండు బండ్లు పక్కపక్కన నిలబడి తిన్నగా ఉరకడం, ఎక్కువగా 300 అడుగులే ఉంటుంది, కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. వెనక చక్రాలకు తెడ్డు లాంటి పట్టీలున్న టైర్లు వేస్తారు, అవి ఇసుకను తోడి వెనక్కి విసిరేస్తుంటాయి.

ఈ రేసుల్లో రాజు యమహా బాన్షీ. 1987 నుంచి 2006 దాకా ఇక్కడ అమ్మారు. టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, 347 సీసీ, బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 64 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 54. ఈ కొలతలు వినగానే మన పాత మెకానిక్కులకు రాజ్‌దూత్ 350 గుర్తొస్తుంది, దాని కొలతలూ అచ్చం ఇవే. మొదటిసారి బాన్షీ ఇంజిన్ విప్పినప్పుడు నాన్న పక్కన ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

అసలు విషయానికి వస్తాను. మా అక్క కొడుకు అరిజోనాలో ఎంఎస్ చదువుతున్నాడు, స్నేహితులతో కలిసి ఒక పాత బాన్షీ కొన్నాడు. ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది, పోర్టులు, అంటే సిలిండర్ గోడలో గాలీ పొగా వచ్చిపోయే దారులు, ఎవరూ ముట్టుకోలేదు. నన్ను అడక్కుండానే ఫ్రేము దాటి బయటికి వచ్చే పెద్ద డ్రాగ్ పైపులు బిగించేసి, "మామయ్యా, ఒక్కసారి విను" అని ఫోన్లో వినిపించాడు. నిజంగానే చెవులు గింగురుమన్నాయి. ఆ శనివారం గ్లామిస్ తీసుకొచ్చాడు. లైటు పడింది. పక్కనున్న బాన్షీ మామూలు పైపులతో సర్రున పోయింది, వీడి బండి బొయ్యిమంటూ అక్కడక్కడే ఇసుక తవ్వుకుని, సగం దూరం దాటాక గానీ అందుకోలేదు. అందుకునేసరికి రేసు అయిపోయింది. మూడో రన్నులో ఇంజిన్ పట్టేసింది. సాయంత్రం హెడ్డు విప్పితే ఒక పిస్టన్‌కి ఎగ్జాస్ట్ వైపు నిలువునా గీతలు, కరిగిన అల్యూమినియం బోరుకి అంటుకుని ఉంది, ప్లగ్గు చూస్తే తెల్లగా సున్నం పూసినట్టుంది. పైపు మార్చినవాడు కార్బొరేటర్‌లో మెయిన్ జెట్, అంటే పెట్రోలు కొలిచి వదిలే సన్న బెజ్జం ముక్క, మార్చలేదు. కొత్త పైపు గాలిని ఎక్కువ లాగుతుంది, దానికి తగ్గ పెట్రోలు అందకపోతే జరిగేది ఇదే. వాడు ఆ పిస్టన్‌ని చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నాడు, నేనూ ఏమీ అనలేకపోయాను.

టూ స్ట్రోక్ పైపు పొగ పోయే గొట్టం మాత్రమే కాదు. మధ్యలో లావుగా పొట్ట ఉంటుంది చూడండి, పని చేసేది అది. ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకోగానే ఒత్తిడి అలలా బయలుదేరుతుంది, పైపు వెడల్పయ్యే చోట వెనక్కి పీల్పు పుట్టి సిలిండర్‌లోని కాలిన గాలిని లాగుతుంది, మళ్లీ ఇరుకయ్యే చోట అదే అల తిరగబడి వచ్చి, అప్పటికే పైపులోకి జారిన పచ్చి పెట్రోలు గాలిని పోర్టు మూసుకునే లోపల తిరిగి సిలిండర్‌లోకి తోస్తుంది. సమయానికి వస్తేనే ఇదంతా. లెక్క చెబుతాను. ఒక చుట్టు 360 డిగ్రీల్లో పోర్టు 190 డిగ్రీలు తెరిచి ఉండే ఇంజిన్ 9,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు, మీద తిరుగుతుంటే అల పోయి రావడానికి ఉన్న టైము సెకనులో వెయ్యో వంతులు మూడున్నర. వేడి పైపులో అల సెకనుకు సుమారు 1,700 అడుగులు పోతుంది, అంటే పైపు పొడవు 91 సెంటీమీటర్లు రావాలి. అదే 10,000 మీద కావాలంటే 82 చాలు. తొమ్మిది సెంటీమీటర్ల తేడాతో బండి బలం ఏ ఆర్‌పీఎం దగ్గర పుడుతుందో మారిపోతుంది! ఈ విద్యను తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ కాడెన్ 1950ల్లో పదునుపెట్టాడు. 1961లో వాళ్ల రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం వదిలి పారిపోయి ఆ గుట్టుతో సుజుకీలో చేరాడు, మరుసటేడు 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీదే.

అందుకే పైపు కొనేముందు ఇంజిన్‌ని అడగాలి. పోర్టింగ్, అంటే ఆ పోర్టులను గీకి పెద్దవి చేయడం, చేయించారా, కార్బొరేటర్లు కంపెనీ ఇచ్చిన 26 మిల్లీమీటర్లవేనా, ఎంత దూరం పరిగెత్తాలి, నడిపేవాడి బరువెంత? పోర్టులు ముట్టని ఇంజిన్‌కి, ఇసుకలో 300 అడుగులకి, కింది ఆర్‌పీఎం నుంచీ మధ్య దాకా లాగే పైపే గెలిపిస్తుంది. ఎఫ్‌ఎంఎఫ్ ఫ్యాటీ లాంటి పైపులు కింద పికప్‌కి పేరు, టూమీ టీ-5 మధ్య నుంచి పైకి లాగుతుంది. ఫ్రేము బయటి పెద్ద డ్రాగ్ పైపులు పోర్టింగ్ చేసి, పెద్ద కార్బొరేటర్లు పెట్టి, పై ఆర్‌పీఎంలో తిరగడానికే కట్టిన ఇంజిన్లకు. కార్బొరేటర్ విషయంలో మాత్రం ఎప్పుడూ పెద్ద జెట్‌తో మొదలుపెట్టి, ప్లగ్గు రంగు చూసుకుంటూ ఒక్కో సైజు దిగండి, లేత గోధుమ రంగు వచ్చాక ఆపండి. ఇంకోటి, పైపు చల్లగా ఉంటే అల నెమ్మదిగా నడుస్తుంది, బలం కింది ఆర్‌పీఎంలోకి జారిపోతుంది, అందుకే తెలిసినవాళ్లు లైను దగ్గరికి వెళ్లేముందు పైపును వేడెక్కిస్తారు. ఫోర్ స్ట్రోక్ క్వాడ్ల లెక్క వేరు, దాన్ని ఇక్కడ కదపను.

మోత సంగతి. బలం పుట్టించేది పొట్ట, శబ్దం తగ్గించేది చివర బిగించే సైలెన్సర్, రెండూ వేరు. సైలెన్సర్ లోపలి పీచు ఎప్పటికప్పుడు మార్చుకుంటే బండి నెమ్మదిగా మోగుతూనే అంతే వేగంగా పోతుంది. కాలిఫోర్నియాలో ఇలాంటి బండ్లకు 96 డెసిబెల్స్ హద్దు, పైపు చివర నుంచి 20 అంగుళాల దూరంలో మీటరు పెట్టి కొలుస్తారు. ఆ హద్దులోనే ఉండి గెలిచేవాళ్లను నా కళ్లతో చూశాను. మన దగ్గర ఆర్‌ఎక్స్ 100 సైలెన్సర్ లోపలి గొట్టం పీకేసి, బెజ్జాలు కొట్టించుకునే తమ్ముళ్లు కూడా ఇది వినాలి. పైపు చివర ఇరుకుగా ఉండేది కావాలనే, దాన్ని వెడల్పు చేస్తే అలకు అడ్డు తగ్గి ఉన్న పికప్ కూడా పోతుంది.

సంపాదకులు గారూ, ఈసారి రోడ్ రోలర్ ఫొటో వేసినప్పుడు పక్కన చిన్న బొమ్మ ఒకటి వేయించండి, పైపును నిలువుగా కోసి లోపల అల ఎలా పోయి ఎలా వస్తుందో చూపించేది. బొమ్మ గీసి పంపమంటే నేనే గీసి పంపుతాను, మా మేనల్లుడి పిస్టన్ ఫొటో కూడా.

ఇట్లు
మీ పాఠకుడు,
శాన్ డియాగో, కాలిఫోర్నియా