పాత తెలుగు ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలి: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారములతో,

నల్లగొండ పట్టణంలో డీటీపీ సెంటర్లు (కంప్యూటరులో టైపు చేసి అచ్చుకు సిద్ధం చేసే కేంద్రాలు) నడుపుకునేవాళ్లలో నేనొకణ్ణి. దేవరకొండ, మునుగోడు, చండూరు వైపుల నుంచి వచ్చే రైతుల అర్జీలు, అఫిడవిట్లు, అన్నదమ్ముల పంపకాల కాగితాలు, గ్రామపంచాయతీ నోటీసులు, పెళ్లిపత్రికలు మా దగ్గరే టైపు అవుతాయి. మహబూబ్‌నగర్, గద్వాల, నారాయణపేటలలో ఇదే పని చేసేవాళ్లకు కూడా వర్తించే ఇబ్బందిని మీ దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కు మారాలంటే కంప్యూటరులో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో కావాలి. సెకండ్ హ్యాండ్ యంత్రాలతో నడిచే చిన్న సెంటర్లకు ఇది భారమే. అప్పో సప్పో చేసి కొత్త కంప్యూటర్ కొన్న తర్వాత ఎదురయ్యే చిక్కు అంతకన్నా పెద్దది.

తెలుగు డీటీపీ ఏళ్ల తరబడి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ మీద, దానికి జతగా కొన్న తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ల మీద నడిచింది. పేజ్‌మేకర్ ఆఖరి ప్రధాన వెర్షన్ 2001 నాటిది. టైపింగ్ సాఫ్ట్‌వేర్లలో కొన్ని డాంగిల్ (కంప్యూటరుకు తగిలించే, తాళంలా పనిచేసే చిన్న పరికరం) పెడితేనే తెరుచుకుంటాయి. ఆ డాంగిల్‌కు పాత 32 బిట్ డ్రైవర్ (దాన్ని కంప్యూటరుతో పనిచేయించే ప్రోగ్రాం) మాత్రమే ఉంటే విండోస్ 11లో అది పనిచేయదు, ఎందుకంటే విండోస్ 11 కేవలం 64 బిట్‌లోనే వచ్చింది. అలాంటి సాఫ్ట్‌వేరు ఆగిపోయిన చోట అందులో దాచుకున్న ఫైళ్లూ చేతికి అందకుండా పోతాయి.

ఆ ఫైళ్లలో ఉన్నది నిజానికి తెలుగు అక్షరాలు కావు. పాత ఫాంట్లు తలకట్టును, గుడిని, వత్తును విడివిడి ముక్కలుగా చేసి ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాలలో పెట్టుకున్నాయి. ఫాంటు ఉన్నంతవరకు తెలుగులా కనిపిస్తుంది, ఫాంటు లేకపోతే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుస మిగులుతుంది. దాన్ని వెతకడానికి వీలుండదు, ప్రభుత్వ వెబ్‌సైటు దరఖాస్తులో అతికించడానికీ వీలుండదు. అన్ని భాషల అక్షరాలకూ వేర్వేరు సంఖ్యలు కేటాయించే అంతర్జాతీయ ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత స్థానాలు ఉన్నా, డీటీపీ రంగంలో చాలామంది ఇప్పటికీ పాత పద్ధతిలోనే ఉండిపోయారు. వాళ్లను నేను తప్పుపట్టలేను. పాత తెలుగు సాఫ్ట్‌వేర్లలో ‘యాపిల్’ అని పిలిచే కీబోర్డు అమరికకు అలవాటుపడిన వేళ్లతో రోజూ పని ఒప్పజెప్పాల్సిన మనిషి, కూలి పోగొట్టుకుని యూనికోడ్‌కు వాడే ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే కీబోర్డు అమరిక నేర్చుకోలేడు.

మార్పిడి సాధనాలు లేవని నేను అనడం లేదు. ఒక్కో ఫాంటు కుటుంబానికి పట్టిక వేరు, వత్తుల వరుస వేరు కావడం వల్ల మార్చిన పాఠంలో తప్పులు మిగులుతాయి. పెళ్లిపత్రికలో వత్తు జారితే మళ్లీ అచ్చు వేసుకోవచ్చు. పంపకాల కాగితంలో తండ్రి పేరో ఊరి పేరో మారితే ఆ రైతు దాన్ని సరిచేయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఈ కారణంగానే ఈ పని ఎవరికి వారు దొరికిన సాధనంతో చేసుకునేది కాదని, దీనికి ప్రభుత్వ పూచీ ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వాడుకలో ఉన్న పాత ఫాంట్లన్నింటినీ యూనికోడ్‌లోకి మార్చే ఒక సాధనాన్ని, ఇంటర్‌నెట్ లేకుండా కూడా నడిచేలా, మీ శాఖ తయారు చేయించి ఉచితంగా ఇవ్వాలి. యాపిల్ కీబోర్డు పద్ధతిలోనే యూనికోడ్ టైపు చేసే ఏర్పాటు అందులో భాగంగా ఉంటే మా వాళ్లు వెంటనే అందుకుంటారు. ఫాంట్లకు కొరత లేదు; పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టుకున్న సురవరం ఫాంటు, మల్లన్న, రామభద్ర వంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి.

ప్రభుత్వ కార్యాలయాలలో కంప్యూటర్లు మార్చేటప్పుడు కూడా, పాత తెలుగు ఫైళ్లు యూనికోడ్‌లోకి మారి, మూలంతో సరిపోల్చి చూసేంతవరకు పాత యంత్రం ఒక్కదాన్ని కూడా తీసేయవద్దని ఆదేశాలు ఇవ్వండి. సాధనం సిద్ధమైతే దాన్ని ముందుగా మా నల్లగొండ, మహబూబ్‌నగర్ సెంటర్లలోనే పరీక్షించవచ్చు. పాత ఫైళ్లు, వాటి అచ్చు ప్రతులు రెండూ మా దగ్గర ఉన్నాయి కనుక తప్పులు పట్టి చెప్పడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
డీటీపీ సెంటర్ నిర్వాహకుడు,
నల్లగొండ