ఇద్దరి ఆట అని చెప్పి ఒక్కరి ఆట అమ్మారు

విజయవాడ,
12 జనవరి 2026.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ఒకే టీవీ మీద ఇద్దరు ఆడుకోవచ్చని ప్రకటించి, ఆ సౌకర్యం లేకుండానే ఆటను అమ్మడం గురించి, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వడం గురించి.

అయ్యా / అమ్మా,

మీ కొత్త వీడియో గేమును 2025 ఆగస్టులో మీ ఆన్‌లైన్ దుకాణంలోనే ప్రీ ఆర్డర్ పెట్టాం. 4,999 రూపాయలు ముందే కట్టాం. ఒకే టీవీ ముందు ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఆడుకోవచ్చని మీరు చెప్పబట్టే కొన్నాం. నవంబరు 14న డిస్కు ఇంటికొచ్చింది. చూస్తే స్ప్లిట్ స్క్రీన్, అంటే తెరను రెండుగా చీల్చి ఇద్దరికీ చెరో సగం చూపించే పద్ధతి, అందులో లేదు. అప్పటినుంచి మీ కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు రాశాను. ఒక్కసారి కూడా నేను అడిగినదానికి జవాబు రాలేదు. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను. ఆట పేరు, ఆర్డరు నంబరు, రసీదులు, ఫొటోలు విడిగా జతచేశాను.

మాది అజిత్‌సింగ్ నగర్. నేను ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. మా తమ్ముడు అక్కడికి రెండు వీధుల అవతల లారీలకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు పని చేస్తాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చి వాడికి వినికిడి పోయింది. కుడి చెవి అసలు పనిచేయదు. ఎడమ చెవికి మిషను పెట్టుకుంటే దగ్గరి మాటలు కొద్దిగా అందుతాయి. వీధిలో క్రికెట్ ఆడేటప్పుడు అవతలివాడు ‘వద్దు, వద్దు’ అని అరిచినా వినపడక పరిగెత్తేవాడు, రనౌట్ అయ్యేవాడు. కొన్నాళ్లకి పిల్లలు వాణ్ని పిలవడం మానేశారు. అప్పుడు మా నాన్న బీసెంట్ రోడ్డులో ఒక వీడియో గేము కొనుక్కొచ్చారు. రెండు రిమోట్లు, ఒక పసుపుపచ్చ క్యాసెట్టు. క్యాసెట్టు మీద వేల ఆటలని రాసి ఉండేది గానీ మేం ఆడింది ఎక్కువగా కాంట్రానే, ఇద్దరు కలిసి శత్రువుల్ని కాలుస్తూ ముందుకెళ్లే ఆట.

కాంట్రాలో మూడో స్టేజీ జలపాతం. రాయి మీంచి రాయి మీదికి దూకుతూ పైకి ఎక్కాలి. ఒకళ్లు తొందరపడి ఎక్కేస్తే తెర వాళ్లతోపాటే పైకి జరిగిపోతుంది, కింద ఉన్నవాళ్లు చచ్చిపోతారు. మొదట్లో నేను ముందు ఎక్కేసి వాణ్ని చంపేస్తూ ఉండేదాన్ని. ‘ఆగు’ అని నేనన్నా వాడికి వినపడదు, వాడి వైపు చూస్తే నేను చస్తాను. చివరికి మోకాలి భాష ఒకటి కుదుర్చుకున్నాం. మోకాలి మీద రెండుసార్లు తడితే ఆగు, ఒకసారి నొక్కితే పద. ఆ భాషతో జలపాతం దాటాం. ఇప్పటికీ రోడ్డు దాటేటప్పుడు వాడి చేతి మీద అలాగే తడతాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. మాది కింది వాటా. అమ్మను పట్టుకుని ఇంటివాళ్ల మేడ ఎక్కేసరికే మంచాలు తేలుతున్నాయి. నీళ్లు తీశాక చూస్తే టీవీ, ఫ్రిజ్, బియ్యం డబ్బా, నా సర్టిఫికెట్లు, అన్నిటి మీదా అదే బురద. ఆ పాత గేము బీరువా కింది అరలో ఉండేది. తమ్ముడు స్క్రూడ్రైవర్ పెట్టి రిమోట్లు విప్పి, పాత టూత్ బ్రష్‌తో ఒక్కో బటన్ కిందినుంచీ ఒండ్రు తీశాడు. ఎండలో మూడు రోజులు పెట్టాడు. నొక్కిన బటన్ నొక్కినట్టే ఉండిపోయింది, పైకి రాలేదు. వాడేమీ అనలేదు. రిమోట్‌ని మళ్లీ బిగించి అలమరలో పెట్టాడు.

ఇదంతా మీకు రాయడానికి కారణం ఉంది. ఇల్లు మళ్లీ నిలబెట్టుకుని, టీవీ కొనుక్కుని, కిందటేడు వేసవిలో ఏలూరు రోడ్డులో టీవీకి తగిలించి ఆడే కన్సోలు వాయిదాల మీద తీసుకున్నాక, వాడు నోరు తెరిచి కావాలని అడిగింది మీ ఆట ఒక్కటే. ఎందుకంటే మీ ప్రకటన తెలుగులో వచ్చింది, మాటలన్నీ కింద తెలుగు అక్షరాల్లో పడ్డాయి, వాడు ఎవరి సాయమూ లేకుండా చదువుకున్నాడు. అందులో ఒక అక్క, ఒక తమ్ముడు ఒకే సోఫా మీద కూర్చుని ఆడుతున్నారు. తెర మధ్యలో గీత. ‘మీ ఇంట్లోనే, మీ ఇద్దరూ’ అని అక్షరాలు. ఆ ముక్క దగ్గర ఆపి నాకు ఫోను చూపించాడు. మాకు ఉన్నది ఒక్క కంట్రోలరే కాబట్టి, మీ ఆట కోసమే మీ దుకాణంలోనే రెండోది 5,990 రూపాయలకు కొన్నాం. ఇంకో ఆట ఏదీ మా ఇంట్లో లేదు.

నవంబరు 16 ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నాం. మొదటి అధ్యాయం ఒక్కరే ఆడాలట, తర్వాత రెండో మనిషి చేరవచ్చట. సరే అని వాడు ఆడుతుంటే నేను పక్కన కంట్రోలర్ పట్టుకుని కూర్చున్నాను. ఆ అధ్యాయం అయ్యేసరికి రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. అప్పుడు మెనూ తెరిచాం. ‘రెండో ఆటగాడు’ అన్న వరస ఉంది, బూడిద రంగులో. నొక్కితే పక్కన ‘త్వరలో’ అని వచ్చింది. తమ్ముడు నా కంట్రోలర్‌లో ఛార్జింగ్ లేదేమోనని తీసుకుని చూశాడు. వైరు మార్చాడు. కన్సోలు ఆపి మళ్లీ వేశాడు. వాడు చేసేవన్నీ చూస్తూ కూర్చున్నాను, లేదురా అని చెప్పడానికి నాకు చెయ్యి రాలేదు.

మర్నాడే మీకు రాశాను. రెండు గంటలకు మించి ఆడారు కాబట్టి డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదని జవాబు. ఇద్దరు ఆడగలరో లేదో తెలియాలంటే మీ ఆటలో రెండు గంటల నలభై నిమిషాలు ఆడాలి. మీ గడువు రెండు గంటలకే అయిపోతుంది. లోపం కంటపడే లోపే గడువు దాటిపోయేలా ఉంటే ఆ నిబంధన కొన్నవాడికి ఏం పనికొస్తుందో మీరే ఆలోచించండి.

రెండోసారి రాస్తే, ఆన్‌లైన్‌లో కలిసి ఆడవచ్చు కదా అన్నారు. దానికి ఇంకో కన్సోలు, ఇంకో టీవీ, ఆటది ఇంకో కాపీ, ఇద్దరికీ విడివిడిగా సభ్యత్వం కావాలి. పక్క గదిలో ఉన్న తమ్ముడితో ఆడటానికి అంత ఖర్చా? పోనీ వాడొక్కడే ఆన్‌లైన్‌లో ఆడదామన్నా, ఇప్పుడున్నది ముక్కూముఖం తెలియనివాళ్లతో కలిపే పద్ధతి ఒక్కటే. తెలిసినవాళ్లని పిలుచుకునే ప్రైవేటు గది లేదు. అక్కడ అందరూ మాటలతోనే చెప్పుకుంటారు. అవతలివాళ్ల మాటల్ని తెర మీద అక్షరాలుగా చూపిస్తామని, మాట్లాడకుండానే ఒక చోటును గుర్తుపెట్టి తోటివాళ్లకి చూపించే బటన్ ఉంటుందని ట్రైలర్‌లో చూపించారు. ఆ రెండూ కూడా లేవు. మీకు అవి చిన్న సదుపాయాలు అనిపించి తీసేసి ఉండవచ్చు. మా తమ్ముడిలాంటివాళ్లకి అవి లేకపోతే ఆటలోకి దారే లేదు. రెండు రోజులు ప్రయత్నించాడు. పిలిస్తే పలకడం లేదని వాణ్ని జట్టులోంచి తీసేశారు, వీధి క్రికెట్‌లో జరిగినట్టే.

ఇక డబ్బా సంగతి. వెనకవైపు ఆటగాళ్ల సంఖ్య దగ్గర 1–2 అని స్పష్టంగా అచ్చువేశారు. దిగుమతిదారు వివరాలు, ఎంఆర్‌పీ ఉన్న తెల్ల స్టిక్కరు దాని కిందనే ఉంది. మూడో జవాబులో మీవాళ్లు ‘ఫీచర్లు మారవచ్చని ప్యాకింగు మీద తెలియజేశాం’ అని రాస్తే, ఎక్కడా కనపడక, అనుమానమొచ్చి గోరుతో ఆ స్టిక్కరు అంచు లేపాను. దాని కింద ఇంగ్లీషులో ఒకే ఒక్క లైను, ఆవగింజంత అక్షరాలు. కొన్ని సౌకర్యాలు విడుదల తర్వాత అందుబాటులోకి రావచ్చని. స్టిక్కరు లేపక ముందు తీసిన ఫొటో, లేపాక తీసిన ఫొటో రెండూ పంపుతున్నాను. ఇది కావాలని చేశారని నేను అనడం లేదు. కానీ మీరు చెప్పిన హెచ్చరికను మీ స్టిక్కరే మూసేసినప్పుడు, మాకు తెలియజేశామని మీరెలా అంటారు?

మన దేశంలో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతు కూడా అదే భాషలో ఉండాలని, చెప్పకపోతే మోసమయ్యే విషయాన్ని షరతు చాటున దాచకూడదని అందులో ఉంది. మీ ప్రకటన తెలుగులో ఉంది, షరతు ఇంగ్లీషులో, అదీ స్టిక్కరు కింద. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడాన్ని కూడా తప్పుదోవ పట్టించే ప్రకటన కిందే లెక్కగడుతుంది. ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. నా మొదటి ఫిర్యాదు మీ దగ్గరికొచ్చి దాదాపు రెండు నెలలైంది.

తెరను రెండుగా చీలిస్తే యంత్రం ప్రతి దృశ్యాన్నీ రెండుసార్లు గీయాలని, అది కష్టమైన పనని నాకూ తెలుసు. తమ్ముడే బొమ్మ గీసి వివరించాడు. వేరేవాళ్లకీ ఆ కష్టం వచ్చింది. హేలో ఇన్ఫినిట్ అనే గేము 2021 డిసెంబరులో వచ్చింది. కథను కలిసి ఆడే సౌకర్యం మొదట్లో ఉండదని దాన్ని చేసినవాళ్లు అంతకుముందు ఆగస్టులోనే చెప్పారు. బాల్డర్స్ గేట్ 3 అనే గేము చేసినవాళ్లు ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ అనే కన్సోలులో స్ప్లిట్ స్క్రీన్ ఉండదని, దానిలో అమ్మకానికి రాకముందే 2023లో ప్రకటించి, కుదిరాక 2025 ఏప్రిల్‌లో ఇచ్చారు. కొనేవాడు తెలిసి కొన్నాడు, వద్దనుకున్నవాడు మానుకున్నాడు. మీరు ఆగస్టులో మా డబ్బు తీసుకున్నారు. ఆగస్టు నుంచి నవంబరు దాకా ప్రీ ఆర్డర్ పెట్టినవాళ్లందరి మెయిలూ మీ దగ్గరే ఉంది. ఒక్క వాక్యం రాసి ఉంటే మేం ఆర్డరు రద్దు చేసుకునేవాళ్లం, కంట్రోలర్ కొనేవాళ్లమే కాదు. ఆ మూడు నెలల్లో మీ దగ్గరినుంచి మాకు వచ్చిన మెయిళ్లు పదకొండు. అన్నీ కొత్త ట్రైలర్లు, ఆటలోని పాత్రలకు కొత్త దుస్తుల ప్యాకులు.

నేను అడుగుతున్నది ఇది. ఆటకు కట్టిన 4,999, దాని కోసమే కొన్న కంట్రోలర్‌కు 5,990, మొత్తం 10,989 రూపాయలు ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో తిరిగి ఇవ్వండి. డిస్కు, కంట్రోలర్ మీ ఖర్చుతో తెప్పించుకోండి. అది కాకుండా, స్ప్లిట్ స్క్రీన్ నిజంగా తయారవుతుంటే, ఏ నెలలో ఇస్తారో తేదీ వేసి రాసివ్వండి. తేదీ ఉంటే డబ్బు అడగను, ఆ రోజు దాకా ఆగుతాను. మాకు డబ్బు కన్నా ఆ ఆటే కావాలి. తేదీ లేని ‘త్వరలో’ మాత్రం ఒప్పుకోను. రెండింటిలో మీరు ఏది చేసినా, ఆ తెలుగు ప్రకటన ఇవాళ్టికీ నడుస్తోంది, నిన్న రాత్రి కూడా చూశాను. దాన్ని వెంటనే ఆపండి, లేదా అదే తెలుగులో, అదే సైజు అక్షరాల్లో, ఇద్దరు ఆడే సౌకర్యం ఇప్పుడు లేదని వేయండి. సంక్రాంతికి ఇంకెన్ని ఇళ్లలో పిల్లలకి కొనిపెడతారో.

15 రోజుల్లో మీరు ఏదీ చేయకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా నేనున్న చోట వేయవచ్చని చట్టంలోనే ఉంది. 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు.

ఆఖరుగా ఒక మాట. మీ దుకాణంలో ఖాతా మా తమ్ముడి పేరు మీద ఉంది. నాలుగోసారి రాసినప్పుడు, ఖాతాదారుడు ఫోన్‌లో మాట్లాడి ధ్రువీకరిస్తేనే ముందుకు వెళ్తామని మీవాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. వాడికి వినపడదని నేను రెండుసార్లు చెప్పాను, చివరికి ‘ఖాతాదారుడు స్పందించలేదు’ అని ఫిర్యాదు మూసేశారు. వాడు స్పందించడానికి సిద్ధంగా ఉన్నాడు. ఈ ఉత్తరం కింద వాడి సంతకం కూడా ఉంది. దయచేసి ఫోన్ చేయకండి. జవాబు తెలుగులో, రాతపూర్వకంగా, వాడి పేరు మీదే పంపండి.

ఇట్లు,
ఖాతాదారుడు, ఆయన అక్క
(ఇద్దరి సంతకాలు)
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ.