కడుపులో ఉండగా తగిలే పురుగుమందు: వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. పొలంలో పురుగుమందు కొడుతూ ఎవరైనా పడిపోతే ఆసుపత్రిలో కేసు రాస్తారు. తల్లి గర్భంతో ఉన్నప్పుడు కొద్దికొద్దిగా ఒంట్లోకి చేరిన మందు వల్ల ఏడేళ్ల తర్వాత బిడ్డ చదువులో వెనకబడితే మాత్రం ఎక్కడా నమోదు కాదు. ఆ తల్లికి వాంతులు కాలేదు, కళ్లు తిరగలేదు. బిడ్డను బడిలో మొద్దు అంటారు, ఇంట్లో మాట వినడంటారు. ఆ పిల్లల తరఫున రాస్తున్నాను.

క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల్లో ఎసిటైల్‌కోలిన్‌ను విడగొట్టే ఎంజైమ్‌ను ఆపేసి పురుగును చంపుతాయి. అదే ఎంజైమ్ మనకూ ఉంది. పెద్దవాళ్ల మెదడులో ఎసిటైల్‌కోలిన్ ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు చేరవేస్తుంది. ఎదిగే మెదడులో దానికి ఇంకా పెద్ద పని ఉంది: కణాలు ఎప్పుడు పెరగాలి, దేనితో కలవాలి అన్నది నడిపించడంలో దానికీ పాత్ర ఉంటుంది. ఆ దశలో జరిగిన తేడాను తర్వాత సరిదిద్దడం కష్టం. పైగా ఈ మందులను విరిచే పీఓఎన్1 అనే ఎంజైమ్ పసిపిల్లల్లో చాలా తక్కువ. పెద్దవాళ్లు తట్టుకునే మోతాదును బట్టి పిల్లలకూ భద్రమే అనుకోవడం అందుకే తప్పు.

కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో గర్భిణుల మూత్రంలో ఈ మందుల అవశేషాలు కొలిచి, తర్వాత వాళ్ల పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. 2011లో వచ్చిన ఫలితం ఇది: అవశేషాలు అందరికంటే ఎక్కువున్న తల్లుల పిల్లలకు, తక్కువున్న వాళ్ల పిల్లలతో పోలిస్తే, ఏడేళ్ల వయసులో ఐక్యూ సగటున 7 పాయింట్లు తక్కువ. 2012లో వచ్చిన ఇంకో అధ్యయనం కోసం న్యూయార్క్‌లో 40 మంది పిల్లల మెదళ్లను స్కాన్ చేస్తే, పుట్టకముందు క్లోర్‌పైరిఫాస్ ఎక్కువ తగిలినవాళ్లలో మెదడు ఆకారంలోనే తేడాలు కనిపించాయి. వీళ్లు పొలాల పక్కన పెరిగినవాళ్లు కారు, నగరం పిల్లలు. పేదరికం వల్ల కూడా ఇలా జరగవచ్చు కదా అంటారు. నిజమే, అందుకే ఇలాంటి అధ్యయనాల్లో తల్లి చదువు, ఇంటి పరిస్థితి కూడా లెక్కలోకి తీసుకుంటారు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇంకోటి. క్లోర్‌పైరిఫాస్ తయారీ కంపెనీ డబ్బుతో ఎలుకలపై జరిగిన పరీక్ష అసలు లెక్కలను స్వతంత్ర శాస్త్రవేత్తలు తిరిగి చూసి 2018లో ప్రచురించారు. పరీక్షించిన ప్రతి మోతాదులోనూ ఎలుక పిల్లల మెదడులో ఒక భాగం మారింది. ఆ సంగతి నివేదిక సారాంశంలో లేదు. యూరోపియన్ యూనియన్ ఈ మందును 2020లో నిషేధించింది. కానీ ఒక్క మందును ఆపి, దాని బదులు అదే కుటుంబంలోని ఇంకో మందు అమ్మనిస్తే పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

ఎదిగే మెదడుపై ప్రభావాన్ని పరీక్షించకుండా ఏ పురుగుమందుకూ అనుమతి ఇవ్వకండి, ఇప్పటికే అమ్ముతున్నవాటితో సహా. ఆ పరీక్షల అసలు లెక్కలు బయటి శాస్త్రవేత్తలకూ అందాలి. గర్భిణులను మందు కలిపే, కొట్టే పనుల నుంచి తప్పించి, కూలి పోకుండా వేరే పని ఇప్పించండి. ఏ మందును ముందు, ఎప్పటిలోగా తిరిగి పరీక్షిస్తారో తేదీలతో జాబితా ప్రకటించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పౌరురాలు