ఆదివారం ఫోను చెయ్యి

చిరంజీవి రఘుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నీ గొంతు విని మూడు ఆదివారాలు దాటింది. పరీక్షల హడావిడిలో ఉండి ఉంటావని మీ అమ్మకు సర్దిచెబుతున్నాను.

ఎడింబరోలో నీవు చూపించిన ఫ్రాన్సు దేశపు ఆర్త్వా ప్రభువు తైలవర్ణ చిత్రం ఫొటోను అద్దాల బీరువాలో తాతయ్య ఫొటో పక్కన పెట్టాను. 1796లో దానిని చిత్రించిన దాంలూ కూడా విప్లవకాలంలో ఫ్రాన్సు విడిచివచ్చినవాడేనని నీవు చెప్పినప్పటి నుంచి, సొంత ఊరికి వెళ్ళలేని ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చున్న ఆ గది నా కళ్ళకు కడుతోంది. ఫ్రాన్సు రాజు పదహారవ లూయీకి తమ్ముడై పుట్టి, 1789 జులైలో బాస్టీల్ కోట కూలగానే దేశం దాటిన ఆ ప్రభువు, సైన్యాల కోసం చేసిన అప్పులు నెత్తిన పడగా, చివరకు ఎడింబరోలోని హోలీరుడ్ రాజభవనంలో తలదాచుకున్నాడు. ఆ రోజుల్లో ఆ ఆవరణలో ఉన్నంతకాలం అప్పులవాళ్ళు పట్టుకోరాదట. ఆదివారం ఒక్కరోజు మాత్రం నిర్భయంగా బయట తిరగవచ్చునట. ఆ ఆవరణ హద్దుకు గుర్తుగా వీధిరాళ్ళలో పొదిగిన ఇత్తడి ‘ఎస్’ అక్షరానికి అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడి, “నాన్నా, ఇటు అరెస్టు, అటు క్షేమం” అన్నావు. నీ బూటు తాడు ఊడిందని అమ్మ కంగారుపడింది. 1824లో ఫ్రాన్సుకు రాజయిన ఆ మనిషే 1830లో గద్దె దిగి మళ్ళీ అదే భవనానికి చేరాడన్నప్పుడు నాకు ఎందుకో చాలా బాధ కలిగింది.

సుబ్బులు పిన్ని ఇంట్లో పెళ్ళికి వెళితే, నీ కార్డు బాకీలు పెరిగాయని, నీవు గది కూడా మారావని బాబ్జీ అన్నాడు. నేను నమ్మలేదు. అయినా అప్పు దాచిన కొద్దీ వడ్డీతోపాటు భయం కూడా పెరుగుతుంది నాయనా. ట్రాక్టరు బాకీ సంగతి ఆరు నెలలు తాతయ్యకు చెప్పకుండా తిరిగి, చెప్పిన రాత్రి మాత్రమే నేను కడుపునిండా తిన్నాను. ఎంతయినా సరే, అంకె వ్రాసి పంపు. పెరటివైపు స్థలం అమ్మవలసి వచ్చినా నీకంటే ఎక్కువ కాదు.

మెంతిపొడి, ఉన్ని మేజోళ్ళు పంపిస్తున్నాము, కొత్త చిరునామా వెంటనే తెలుపు. ఈ ఆదివారం పొద్దున్నే స్నానం ముగించి ఫోను దగ్గరే కూర్చుంటాను.

ఆశీస్సులతో,
నాన్న