గునుగు పువ్వుకు ముడి కుట్టా, సరితా?

హన్మకొండ
శుక్రవారం, దీపాలు పెట్టే యాళ్ల

సరితా,

ముందుగాల నన్ను తిట్టుడు అయిపోగొట్టుకో, తర్వాత చదువు. నువ్వు కుట్టిన బతుకమ్మ ఫొటో వచ్చి ఎన్నాళ్లయిందో నాకు తెల్సు. ఫోన్ల బొటనవేలు బొమ్మ పెట్టి ఊకున్ననని అలిగి ఉంటవు. అది ఫోన్ల టైప్ చేసే సంగతి కాదే, అందుకే కాగితం పట్టిన.

ఇంటి సంగతులు ఒక్క లైన్ల: అమ్మ మోకాలు జెర నయం, చిన్నోడు ఇంటర్ల చేరిండు, సున్నాలు ఇంక వెయ్యలే, పక్కింటోళ్ల కుక్క ఇంక మొరుగుతనే ఉన్నది. అయిపోయింది. ఇగ అసలు ముచ్చట.

ఎంబ్రాయిడరీ రింగుల బిగించి కుట్టిన ఆ బతుకమ్మ! అన్ని వరుసలు ఫ్రెంచ్ నాట్సేనా, సూదికి దారం చుట్టి వేసే ఆ చిన్న ముడులేనా? కింద పచ్చవి, నడుమ తెల్లవి, పైన నారింజవి, రంగు మారింది గని పువ్వు మారలే. తంగేడూ ముడే, గునుగూ ముడే, బంతీ ముడే. పైకెళ్లి "ఒక్క కుట్టుతోని అయిపోతది గదా" అని రాసినవు. అయిపోతది. మూడో బెంచీ కమిటీ మాత్రం ఒప్పుకోదు.

నువ్వే యాది చేసుకో. ఎంగిలిపూల బతుకమ్మ నాడు తాంబాలంల గుమ్మడాకులు పరిచి పేర్చుతుంటె, తంగేడు ఒక తీరు కూసుంటది, గునుగు ఒక తీరు నిల్చుంటది, బంతి ఉబ్బుతది. బతుకమ్మ అందమంత ఆ ఎత్తుపల్లాలల్లనే ఉన్నది. గుడ్డ మీద ఎత్తు తేవాలంటె రంగు కాదు, కుట్టు మార్చాలె.

గునుగు సంగతి ముందు చెప్త, ఎందుకంటె నాకు కడుపుల ఆగనిది అదే. గునుగుకు బులియన్ నాట్ పెట్టు. సూదికి దారం చుట్టి గుంజితె పొడుగ్గ పురుగు లెక్క పడుకునే కుట్టు, అదే. దారంల ఆరు పోగులుంటయ్ గదా, అండ్ల మూడు తీసుకో. సూది మాత్రం మిల్లినర్ సూదే కావాలె. మామూలు ఎంబ్రాయిడరీ సూదికి కన్ను కాడ లావుంటది, చుట్లు అక్కడ తట్టుకొని ముద్దయితయ్. మిల్లినర్ సూదికి మొన నుంచి కన్ను దాక ఒకటే లావు. మూడు పోగులకు మూడో నంబరో నాలుగో నంబరో తీసుకో. నంబరు పెరిగిన కొద్ది సూది సన్నగైతదని మర్చిపోకు.

చుట్లు ఎన్ని అనే కాడనే అందరు తప్పుతరు. సూది ఎక్కడ దిగి ఎక్కడ తేలుతదో ఆ దూరాన్ని బట్టి చుట్లు. మూడు పోగులకు సెంటీమీటరుకు సుమారు 13 చుట్లు పడతయ్. తక్కువైతె లోపలి దారం బయటపడి కుట్టు బక్కగ కనిపిస్తది, ఎక్కువైతె నడుమల ఉబ్బి వంకర పోతది. మొదలు పక్క ముక్క మీద ఒకటి వేసి చూడు, నీ చెయ్యి బిగువెంతనో నాకు తెల్వదు గదా (స్వెట్టర్ సంగతి తెల్సు, అది వేరే). గడియారం ముల్లు తిరిగే దిక్కు చుట్టు. పోగుల పురి విడిపోతున్నట్టు కనిపిస్తె దిక్కు మార్చు. చుట్లు ఒకదాని పక్కన ఒకటి ఆనాలె, మీదికి ఎక్కొద్దు, బిగువు మాత్రం వద్దు. బిగిస్తె సూది రాదు, నువ్వు పండ్లతోని గుంజుతవు, దారం తెగుతది. ఎడమ బొటనవేలుతోని చుట్లను అదిమి పట్టి సూదిని మెల్లగ గుంజు. దారం మొత్తం వచ్చినంక వెనకకు మలిపి, సూది మొనతోని చుట్ల కింద రుద్ది సాపు చెయ్యి. అప్పుడు సూదిని దిగిన కాడనే దించు.

ఇప్పుడు ఇంకో మాట, ఇది నువ్వు ఎన్నడు ఆలోచించి ఉండవు. గునుగు కాడలు లోపలికి, కొసలు బయటికి పెట్టి పేరుస్తం గదా? అంటె బతుకమ్మకు ఎదురుంగ నిలబడితె నడుమల ఉన్న గునుగుల కొసలే నీ దిక్కు చూస్తయ్, పొడుగు కనిపించదు. పక్కలకు పోయిన కొద్ది పువ్వు నిడుపుగ కనిపిస్తది. అందుకని వరుస అంచులకు 1.2 సెంటీమీటర్ల బులియన్లు, 16 చుట్లు, బయటికి వాలినట్టు. నడుమకు వచ్చిన కొద్ది 9 మిల్లీమీటర్లకు 12 చుట్లు, 6 మిల్లీమీటర్లకు 8 చుట్లు. సరింగ నడుమల నాలుగైదు ఉత్త ముడులు. చూసినవా, నీ ఫ్రెంచ్ నాట్‌కు అక్కడ న్యాయం ఉన్నది! ఇట్ల పెడితె చదును గుడ్డ మీద బతుకమ్మ గుండ్రంగ తిరుగుతది. అన్ని ఒకటే పొడుగు పెడితె కంచె కట్టినట్టుంటది.

తెల్ల గునుగు కొసకు ఒక్క పోగు గులాబి దారంతోని చిన్న గీత కుట్టు. పొలంల పువ్వు అట్లనే ఉంటది, తెలుపు, కొసకు జెర గులాబి. రంగుల ముంచిన గునుగు వరుసకు కొస వద్దు, రంగు అంతటా ఒకటే. ఊదా, ఎరుపు, ఆకుపచ్చ, ఏదైనా నడుస్తది. మనోళ్లు గిన్నెలల్ల రంగు కలిపి ముంచేది ఆ తీరే గదా. మీ మిన్నెసోటాల తంగేడు దొరకదు గని, సెలోషియా అని అమ్మేవి గునుగు చుట్టాలే, గునుగు సెలోషియా అర్జెంటియానే. ఒకటి కొనుక్కొచ్చి ముందల పెట్టుకొని కుట్టు.

కొలతలు చెప్పకుంటనే పోతున్న. రింగు 10 ఇంచులు, గుడ్డ 14 ఇంచుల చదరం. కింద తంగేడు వరుస కాడ 5 ఇంచుల వెడల్పు, తాంబాలం ఐదున్నర, మొత్తం ఎత్తు ఆరు ముప్పావు. గంతకంటె పెద్దగ గీస్తె అంచుల కుట్లు రింగుకు తగులుతయ్. వరుసల గీతలు సాపు వద్దు, నడుమల కిందికి వంగాలె, పైకి పోయిన కొద్ది వంపు తగ్గాలె. గుడ్డ కేస్‌మెంట్ (సాదా నూలు గుడ్డ) అయితె మంచిది, ఉతికి ఇస్త్రీ చేసినంకనే గీయి, లేకుంటె కుట్టినంక ముడుచుకుంటది. గీసేటందుకు నీళ్లకు పోయే నీలం పెన్ను వాడు. వేడికి మాయమయ్యే పెన్ను మీ ఊరికి పనికిరాదు, గడ్డకట్టే చలికి ఆ గీత మళ్ల తేలుతది, జనవరిల కార్ల మరిచిపోతె తెల్లారె సరికి బతుకమ్మ మీద గీతలన్ని ప్రత్యక్షం. నీలం పెన్ను గీతల మీద మాత్రం ఇస్త్రీ పెట్టకు, వేడికి మరక గుడ్డకు పట్టి ఇగ పోదు. చల్లటి నీళ్లల్ల ముంచినంకనే ఇస్త్రీ.

ఇగ వరుస. మనం బతుకమ్మను కింది నుంచి పైకి పేరుస్తం. కుట్టేటప్పుడు గట్ల కాదు! ఎత్తు తక్కువున్న కుట్టు ముందు, ఎత్తున్నది చివరికి, అది బతుకమ్మల ఎక్కడ ఉన్నా సరే. ఎందుకంటె ఉబ్బిన కుట్టు మీద నీ చెయ్యి రాసుకుంటె అణిగిపోతది, పక్క కుట్టు దారం దానికి చిక్కుకుంటది. కాబట్టి ముందు గుమ్మడాకులు, తంగేడు, కట్ల, తర్వాత చామంతి, గునుగు, గౌరమ్మ, అన్నిటికంటె ఆఖరుకు బంతి. బంతి నడుమల వరుస అయినా సరే, దాని జాగ ఖాళీగ ఉంచి దాటిపో.

ఆకులకు ఫిష్‌బోన్, అంటె చేప ముల్లు లెక్క రెండు దిక్కుల నుంచి నడుమకు వాలే కుట్టు, రెండు పోగులు, ముదురాకుపచ్చ ఒక దిక్కు, లేతది ఇంకో దిక్కు. తాంబాలం అంచు మీద కొసలు మాత్రమే కనిపించాలె. తంగేడు ఐదు రేకుల లేజీ డైజీ (రేకుకొక గొలుసు ఉచ్చు వేసి కొసకు పట్టేది), రెండు పోగులు, రేకు 5 మిల్లీమీటర్లు, నడుమల గోధుమ రంగు గీతలు రెండు. రేకు కొస పట్టే చిన్న కుట్టు పొట్టిగుండాలె, పొడుగైతె పువ్వుకు మీసాలొస్తయ్. పువ్వుల సందుల మొగ్గలకు ముడులు పెట్టుకో, పో. ముడి లావు కావాలంటె చుట్లు పెంచకు, పోగులు పెంచు. నాలుగు పోగులు, ఒక్క చుట్టు. రెండు పోగులకు మూడు చుట్లు చుట్టినవనుకో, పక్కకు ఒరుగుతది. సూది వచ్చిన రంధ్రంలనే దించకు, ఒక్క నూలుపోగంత జరిగి దించు, లేకుంటె ముడి వెనకకు జారుతది.

కట్ల పూలకు ఉత్త పొట్టి గీతలే, నీలం.

చామంతికి లేజీ డైజీ పెట్టొచ్చు గని తంగేడు అదే ఉన్నది గదా, అందుకని నేసే గులాబీ కుట్టు పెట్టు. ఐదు కాడలు వేసి, ఒక దాని మీది నుంచి, ఒక దాని కింది నుంచి దారం తిప్పుకుంట పోవుడు. కాడలు ఐదో ఏడో ఉండాలె, ఆరు పెడితె ప్రతి సుట్టు అదే కాడ మీదికి వచ్చి నేత పడదు. మొనలేని సూది వాడు, మొనున్నది కాడ దారాన్ని చీలుస్తది. కాడలు కనిపించనంత దాక తిప్పు, "ఇంక రెండు సుట్లు" అని నీ మనసు అన్నప్పుడు నిజంగనే ఇంక రెండు సుట్లు తిప్పు.

(ఇక్కడ కరెంటు పోయింది. వచ్చింది. ఎక్కడున్న?)

బంతి. టర్కీ వర్క్, అంటె ఉచ్చులు వేసి కత్తిరించి కుచ్చు చేసే కుట్టు. దీన్నే చూసి అందరు భయపడ్తరు, భయమేం లేదు. పోగులు మూడు, రెండు నారింజ, ఒకటి పసుపు, లచ్చి నుంచి ఒక్కొక్క పోగు విడివిడిగ గుంజి మళ్ల జోడించు, అప్పుడే కత్తిరించినంక విచ్చుకుంటది. దారానికి ముడి వెయ్యకు, తోక పైకే విడువు, అదీ రేకే అయితది. ఒక కుట్టు వదులుగ, 7 మిల్లీమీటర్ల ఉచ్చు. పక్క కుట్టు బిగువుగ, తాళం. ఉచ్చు, తాళం, ఉచ్చు, తాళం. తాళం తప్పితె కత్తిరించిన రోజే పోగులు ఊడి చేతుల కొస్తయ్. పువ్వు కింది అంచు నుంచి పైకి, వరుసకూ వరుసకూ 2 మిల్లీమీటర్లు. దూరమైతె లోపలి గుడ్డ కనిపిస్తది, బట్టతల! పువ్వు మొత్తం నిండినంకనే ఉచ్చులు కత్తిరించు, పాత పండ్ల బ్రష్షుతోని దువ్వు, అప్పుడు అంచులు పొట్టిగ, నడుమ పొడుగ్గ గుమ్మటం లెక్క కొయ్యి. వంపు మొన కత్తెర ఉంటె సుఖం. ఒక్కసారే ఎక్కువ కొయ్యకు, కోసిన పోగు మళ్ల మొలవదు. నూగు అంత తెల్ల గునుగుల మీద పడతది, టేపు అద్ది తీసెయ్. గునుగులు గట్టి కుట్టు, అద్దితె ఏం కాదు.

బంతికి ముందే గుడ్డను నీళ్లల్ల ముంచి నీలం గీతలు పోగొట్టి, మందం తువ్వాల మీద బోర్లేసి ఇస్త్రీ చెయ్యి. బంతి తర్వాత ఇస్త్రీ లేదు, గుర్తు పెట్టుకో. ముంచేకంటె ముందు ఎరుపు, ఊదా దారాలు తడి తెల్లగుడ్డ మధ్యల పెట్టి నలిపి చూడు. రంగు అంటితె ఆ దారం పక్కకు పెట్టు, తెల్ల గునుగు పక్కన దానికి జాగ లేదు.

నీకక్కడ డీఎంసీ కంపెనీ దారం దొరుకుతది గదా, రంగుల నంబర్లు రాసుకో: బంతికి 740, 742. తంగేడుకు 973. తాంబాలానికి 783. కట్లకు 798. ఊదా గునుగుకు 553. ఆకులకు 3346, 3347. లచ్చి 8 మీటర్లు, ఆరు పోగులు. బంతికి 740 రెండు లచ్చిలు తెచ్చుకో, టర్కీ వర్క్ దారం మస్తు తింటది, సగం కత్తెర పాలే. తెలుపు కూడ రెండు.

తాంబాలం మర్చేపోయిన. ఆరు పోగులూ గుడ్డ మీద పరిచి, ఒక్క పోగుతోని 4 మిల్లీమీటర్లకొకసారి అడ్డంగ కట్టుకుంట పో. జరీ పెట్టాలనుంటె జరీ కొసలు పెద్ద కన్ను సూదితోని వెనకకు దించు, పైన కత్తిరిస్తె పీచులేస్తది. ఇది కూడ బంతికంటె ముందే.

గౌరమ్మకు లోపల గొలుసు కుట్టుతోని మెత్త వేసి, పైన అడ్డంగ శాటిన్ (సందు లేకుంట పక్కపక్కన గీతలు), పసుపు రంగు, ఒక్క ఎర్ర ముడి బొట్టు. మెత్త నిలువుగ ఉంటె పై కుట్టు అడ్డం ఉండాలె, ఒకటే దిక్కైతె పై దారం సందుల్ల దిగిపోతది. పసుపు డబ్బా సంగతి ఇప్పుడు రాయను, నవ్వుకో.

సద్దుల బతుకమ్మ నాటికి గోడకు ఉండాలె, ఫొటో పంపాలె, నేను పెద్దక్కకు చూపియ్యాలె, "మీ దోస్తుకు ఓపిక లేదు" అన్నది ఆమె, యాదుందా? ఇంకో సంగతి, నేను అడుగుదామనుకున్న, మీ ఆయన అప్పుడు ఆ సమోసా... వద్దులే, ఫోన్ల.

రింగు వెనక మూసేటిది: గుడ్డ అంచు ఒకటిన్నర ఇంచు ఉంచి కత్తిరించు, పావు ఇంచు లోపల డబుల్ దారంతోని రన్నింగ్ కుట్టు వేసి గుంజి ముడి వెయ్యి. గమ్ పూయకు, ఏండ్లు గడిస్తె మరక ముందుకొస్తది. ఫెల్ట్ (మందం ఉన్ని గుడ్డ) రౌండు రింగుకంటె జెర చిన్నగ కోసి కాజా కుట్టుతోని... అగో, కొరియర్ పిలగాడు వచ్చిండు, ఇదే బండిల పోవాలె. ఫెల్ట్ సంగతి మళ్ల రాస్త.

నీ
పద్దు

తా.క. మిల్లినర్ సూదులు ఈ కవరులనే పెట్టిన, కింది మూలల. చూసి చింపు!