లేపాక్షి పైకప్పు కింద: మిత్రుడికి ఒక ఉత్తరం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. లేపాక్షి గుడి పైకప్పు మీది చిత్రాల ఫొటోలు చాలానే చూశాననీ, రంగులు వెలిసిపోయి, పెచ్చులూడి, ఎవరి బొమ్మో సరిగా పోల్చుకోవడానికే కష్టంగా ఉన్న ఆ పైకప్పును చూడడానికి అంత దూరం రావడం అవసరమా అనీ అడిగావు. దీనికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. మొన్ననే మళ్ళీ అక్కడికి వెళ్ళి వచ్చాను. చూసినది కళ్ళలో కదులుతుండగానే నీకు వివరంగా రాస్తున్నాను, తీరిక చేసుకుని చదువు.

హిందూపురం నుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు ఉంటుంది. వానలు పడి వెలిసిన రోజుల్లో ఆ దారిని చూడాలి. తడిసిన ఎర్రమట్టి, దాని మీద వేరుసెనగ చేల పచ్చదనం, వాటికి వెనకగా ఎవరో పేర్చి వదిలేసినట్టుండే బండరాళ్ళ గుట్టలు. ఆ బండలు దూరానికి బూడిదరంగుగా కనిపిస్తాయి కానీ, దగ్గరికి వెళితే నీళ్ళు జారిన చోటల్లా నల్లటి చారలూ, ఎండకు పండిన చోట తేనెరంగూ, కొత్తగా పగిలిన చోట తెలుపూ తేరి చూస్తుంటాయి. ఈ రంగులను కాస్త గుర్తుపెట్టుకో, ముందుముందు వీటితో పని ఉంది.

వీరభద్రస్వామి గుడి ఉన్న గుట్టను కూర్మశైలమంటారు. తాబేలు వీపులాంటి ఆ బండ మీద పదహారో శతాబ్దంలో, విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ సీమలో అధికారులుగా ఉన్న విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఈ గుడిని విస్తరింపజేశారు. వచ్చినవారిలో ఎక్కువమంది నేరుగా వేలాడే స్తంభం దగ్గరికి వెళ్ళి, కింద గుడ్డ దూర్చి, ఫొటో తీయించుకుని, ఏడుపడగల నాగలింగం దగ్గరికి సాగిపోతారు. అవి చూడదగ్గవే. అయితే ఆ స్తంభం ఉన్న నాట్యమండపంలోనే, తల మీద, ఒక చివరి నుంచి మరో చివరి వరకు పురాణకథలన్నీ పరచి ఉన్నాయనే సంగతి చాలామంది గమనించకుండానే బయటపడడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నువ్వు చూసిన ఫొటోలలో లేనిది మొదట చెబుతాను. అది వెలుతురు. ఆ మండపానికి వెలుగు పైనుంచి రాదు. ఆవరణలోని రాతి నేల మీద పడిన ఎండ, అక్కడి నుంచి ఎగిసి, స్తంభాల మధ్యగా లోపలికి జొరబడి, కింది నుంచి పైకప్పును తాకుతుంది. బయటి ఎండలో నుంచి లోపలికి అడుగుపెట్టినప్పుడు పైన మసకచీకటి తప్ప ఏమీ ఉండదు. కాసేపు కదలకుండా నిలబడితే ముందు ఒక ఎరుపు పట్టీ తేలుతుంది, తర్వాత దాని మీద తెల్లటి పంచె ఒకటి, ఆ తర్వాత ఒక ముక్కూ, ఒక కన్నూ, చాచిన చెయ్యీ. నీరెండ పడే వేళకు ఇంతకుముందు కనిపించని మనుషులు కొందరు ఆ వరుసలోకి వచ్చి నిలబడతారు. ఫ్లాష్ వెలుగులో తీసిన ఫొటో వీటన్నిటినీ ఒక్క దెబ్బకు, ఒకే మోతాదులో బయటపెడుతుంది కనుక, వెలిసిపోయిన చోటే నీ కళ్ళకు ముందు కొట్టొచ్చినట్టు కనిపించి ఉంటుంది.

ఇక గీత సంగతి. అజంతా చిత్రకారులు రంగుల్లోనే వెలుగునీడలు చూపించి బుగ్గకు గుండ్రదనం తెస్తారు. వాళ్ళ తర్వాత వేయేళ్ళకు వచ్చిన లేపాక్షి చిత్రకారులకు ఆ ఆసక్తి లేదు. వీళ్ళు రంగును చదునుగా పూసి, భారమంతా నల్లటి గీత మీద పెట్టారు. మొహాలు చాలా వరకు పక్కకు తిరిగి ఉంటాయి. నుదుటి దగ్గర మొదలైన గీత కోసు ముక్కు మీదుగా జారి, పెదవుల దగ్గర చిన్నగా ఆగి, గడ్డం చుట్టి మెడలోకి దిగుతుంది. ఆ ఒక్క గీతలోనే ఆ మనిషి గర్వం, సిగ్గు, తొందర అన్నీ తెలిసిపోతాయి. గరుకు రాతికి సున్నపు గచ్చు పూసి, దాని మీద జేగురుమన్నుతో ఎరుపు, పచ్చమన్నుతో పసుపు, మసితో నలుపు, సున్నంతో తెలుపు, వాటితోపాటు ఒక ఆకుపచ్చ వేశారు. అంతకుమించి రంగులు పెద్దగా లేవు. వాటితోనే అంత పైకప్పునూ నింపారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది మనునీతి చోళుడి కథ. రాకుమారుడి రథం కింద ఒక లేగదూడ పడి చనిపోతుంది. తల్లి ఆవు వెళ్ళి రాజు వాకిట్లోని ధర్మగంట మోగిస్తుంది. రాజు విచారించి, ఆవుకు కలిగిన కడుపుకోత తనకూ కలగడమే న్యాయమని, కన్నకొడుకును అదే రథచక్రం కింద పడుకోబెట్టమంటాడు. చివరికి శివుడు ప్రత్యక్షమై అందరినీ బతికిస్తాడు. ఇది తిరువారూరు కథ, తమిళదేశానిది. దాన్ని తెచ్చి ఈ రాయలసీమ గుట్ట మీద వేశారంటే, ఆ విజయనగర సామ్రాజ్యంలో కథలు ఎంత స్వేచ్ఛగా తిరిగేవో ఊహించుకో. ఇందులో వేర్వేరు వేళల్లో జరిగినవన్నీ ఒకే పట్టీలో, ఏ అడ్డుగోడా లేకుండా, పక్కపక్కనే ఉంటాయి. కథ చదవాలంటే నువ్వు నడవాలి. తల పైకెత్తుకుని రెండు అడుగులు వేస్తే రథం, మరి కాస్త జరిగితే ఆవు, ఇంకాస్త ముందుకు పోతే శిక్ష. శిక్ష దగ్గర నిలబడినప్పుడు, వెనక్కు చూస్తే ఆవు ఇంకా గంట దగ్గరే ఉంటుంది. జరిగిపోయింది కదా అని దాని దుఃఖాన్ని ఆ చిత్రకారుడు చెరిపేయలేదు. శివుడు వరమిచ్చే చోటునూ, ఆ ఆవునూ ఒకే చూపులో చూసినప్పుడు నా గొంతు పట్టేసింది. చిన్నప్పుడు విన్న కథే అయినా ఇంత బరువు అందులో ఉందని నాకు ఆ పైకప్పే తెలిపింది.

పార్వతీకల్యాణం దగ్గరికి వచ్చేసరికి మనసు తేటపడుతుంది. పెళ్ళికూతురినీ ఆమె చెలికత్తెలనూ చూడు, ఎన్ని రకాల చీరలో! ఒకదానికి అడ్డచారలు, ఒకదానికి గళ్ళు, ఇంకొకదానికి పూలబుటాలు, పక్కావిడ చీరకు వెడల్పాటి అంచు. కుచ్చెళ్ళు కాళ్ళ దగ్గర విచ్చుకున్న తీరు, పక్కకు ముడిచిన సిగలు, చెవుల కమ్మలు, దండకడియాలు దేన్నీ ఆ చిత్రకారుడు తేలిగ్గా తీసుకోలేదు. ఒకచోట ఒక చెలికత్తె పైట మీద చుక్కలు వరుసగా పెట్టుకుంటూ వచ్చి, బట్ట ముడత పడిన చోట ఆ వరుసనూ అలాగే వంచాడు. నేల మీద నిలబడి చూసేవాడికి అంత ఎత్తున ఆ వంపు కనిపిస్తుందని అతనికి నమ్మకం ఉండి ఉంటుందా? నాకైతే, ఎవరు చూసినా చూడకపోయినా ఆ ముడత అలాగే ఉండాలని అతనికి అనిపించి ఉంటుందనే తోస్తుంది. ఈనాటి నేతగాళ్ళు, అద్దకం పనివాళ్ళు కూడా ఈ గుడి బొమ్మల నుంచీ, లతామండపం స్తంభాల మీది చెక్కడాల నుంచీ అంచులకూ కొంగులకూ డిజైన్లు తీసుకుంటున్నారు.

ద్రౌపదీ స్వయంవరంలో అర్జునుడు కిందనున్న నీళ్ళలో మత్స్యయంత్రం నీడను చూస్తూ పైకి బాణం ఎక్కుపెడతాడు కదా, ఆ బొమ్మను చూసే ఉపాయం కూడా అలాంటిదే. మెడ పట్టేయకుండా ఉండాలంటే ఒక చిన్న చేతి అద్దం తీసుకువెళ్ళి, నడుము ఎత్తున పట్టుకుని, అందులో పైకప్పును చూడాలి. కిరాతార్జునీయం దగ్గర ఆ అద్దం కదుపుతుంటే అడవిపంది ఒక్కసారిగా అందులోకి దూసుకువస్తుంది. దాని వీపు గీత ఒక్క ఊపులో గీసినది, ఎక్కడా తడబాటు లేదు. వటపత్రశాయి బొమ్మ దగ్గర మాత్రం అద్దం పక్కన పెట్టెయ్యి. మనం ఎటు నడిచినా బాలకృష్ణుడు మనవైపే చూస్తున్నట్టుంటాడని అక్కడివాళ్ళు చెబుతారు. నడిచి చూస్తే నాకూ అలాగే అనిపించింది.

గర్భగుడి ముందున్న అర్ధమండపం పైకప్పు మీద వీరభద్రుడి బొమ్మ ఉంది. సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఉంటుందంటారు. కొలతలు చెప్పినంత మాత్రాన దాని ప్రభావం తెలియదు. నాట్యమండపంలో మనుషులంతా మన మూరెడు, జానెడు లెక్కలో ఉండి, మనల్ని వాళ్ళలో ఒకరిగా కలుపుకుంటారు. అక్కడి నుంచి ఇక్కడికి రాగానే ఆ కొలత తప్పిపోతుంది. ఒకేసారి ఆ మూర్తిని పూర్తిగా చూడడానికి చోటు చాలదు, పాదాల నుంచి ముఖం దాకా ముక్కలు ముక్కలుగా చూసి మనసులో కలుపుకోవలసిందే. భయం అనే మాట ఇక్కడ సరిపోతుంది, అందులో భక్తి కూడా ఉంది. ఆ మూర్తి చెంత విరూపణ్ణ, వీరణ్ణ తమ పరివారంతో, తలల మీద పొడవాటి కుళ్ళాయిలతో, చేతులు జోడించి ఉన్నారు. గుడి కట్టించినవారి రూపాలు అలా మిగిలాయి. బొమ్మలు వేసినవారిలో ఒక్కరి పేరైనా మన దాకా రాలేదు.

ఆ విరూపణ్ణ గురించి జనం చెప్పుకునే కథ నీకు తెలిసే ఉంటుంది. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని రాజుకు ఫిర్యాదు వెళ్ళిందట. కళ్ళు తీయించమని ఆజ్ఞ వెలువడితే, రాజభటులు వచ్చే లోపే అతడు తన కళ్ళను తానే పెకలించి గోడకు విసిరాడట. అసంపూర్తిగా నిలిచిపోయిన కల్యాణమండపం దగ్గర గోడ మీద రెండు ఎర్రటి మరకలను ఇప్పటికీ చూపిస్తారు. చరిత్రలో దీనికి ఆధారాలు వెతకడం నా పని కాదు. కంటికి ఇంత పండుగ చేసిన మనిషి తన కళ్ళను పోగొట్టుకున్నాడని ఊరు తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నదంటే, ఈ పైకప్పు వాళ్ళ మనసులను ఎంతగా కదిలించిందో అర్థం చేసుకోవచ్చు.

1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయస్, అక్కడి రాజభవనంలో ఉన్న చిత్రాలను మెచ్చుకుంటూ రాశాడు. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత నగరం పాడుబడి ఆ భవనాలే మిగల్లేదు. ఆ కాలపు చిత్రకళ ఎలా ఉండేదో ఇంత విస్తారంగా చూపే చోట్లు మనకు బహు తక్కువ. అందుకే ఇక్కడ ప్రతి పెచ్చూ నాకు విలువైనదే. వాననీరు దిగిన జాడలు, దీపాల పొగ మసి, ఎవరో చేయి అందిన చోటల్లా గీకిన పేర్లు చూస్తే కడుపు మండుతుంది. పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి ఈ మాత్రమైనా నిలిచింది. కొన్నిచోట్ల కథ మధ్యలో తెగిపోయి, ఒక మోచేయి మాత్రం, ఒక గుర్రపు మెడ మాత్రం మిగిలాయి. నువ్వు వెలిసిపోయిందని తీసిపారేసిన భాగాలు బహుశా అవే. దగ్గరుండి చూస్తే, ఆ మిగిలిన మోచేతి వంపును బట్టే పోయిన మనిషి ఎటు తిరిగి ఉండేవాడో తెలుస్తుంది, మన కన్ను దాన్ని పూరించుకుంటుంది. ఆ పని నీ చేత చేయించడం ఫొటోకు సాధ్యం కాదు.

గుడి నుంచి బయటికి వచ్చాక ఊరి మొదట్లో ఏకశిలా నంది ఉంటుంది. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడ గంటల దండలు, వీపు మీది వస్త్రం మడతలు అన్నీ ఆ ఒక్క బండలోనివే. దాని పక్కన నిలబడి చుట్టూ చూస్తే, ఇందాక నిన్ను గుర్తుపెట్టుకోమన్న రంగులన్నీ అక్కడ పరచుకుని ఉంటాయి. పైకప్పు మీది ఎరుపు ఈ చేలలోదే, నలుపు ఈ బండల చారలలో ఉంది, పసుపూ తెలుపూ ఈ రాతి పగుళ్ళలో ఉన్నాయి. ఆ మనుషులు దేవతలను ఎక్కడి నుంచో తెచ్చిన రంగులతో కాకుండా, తాము రోజూ నడిచే నేల రంగులతో వేశారు. లోపల చూసిన కల్యాణం, వేట, తపస్సు అన్నీ ఈ గుట్టల మధ్యే జరిగినట్టు అనిపించడానికి కారణం అదేనని నా నమ్మకం.

నువ్వు వస్తే కార్తీకం తర్వాత రా, అప్పటికి ఎండ తీక్షణత తగ్గి ఉంటుంది. పొద్దున్నే జనం చేరకముందు నాట్యమండపంలోకి వెళదాం, మధ్యాహ్నం హిందూపురంలో భోంచేసి, నీరెండ వేళకు మళ్ళీ వద్దాం. ఒకే బొమ్మను రెండు వెలుతుర్లలో చూడకుండా నిన్ను పంపించను. వీలైతే మీ అమ్మగారిని కూడా తీసుకురా, ఆ చీరల అంచులను నాకంటే నిదానంగా, శ్రద్ధగా చూసేది ఆవిడే. అద్దాలు నేను తెస్తాను. బైనాక్యులర్స్ నీ దగ్గర ఉన్నాయి కదా, మరచిపోకుండా పట్టుకురా.

ఇట్లు,
నీ మిత్రుడు